చెవిటి ముందర శంఖం

పాటపెట్టెకు గుడ్డ కప్పే ఇళ్ళంటే నాకు గిట్టదు. గ్రామఫోను కానీ, రేడియో కానీ, ఇప్పుడు మా మనవలు కొనుక్కొచ్చే రెండు డబ్బాల స్టీరియో కానీ, కొన్న వారానికే దాని మీదికి ఒక కుట్టుపూల గుడ్డ వస్తుంది. గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం, కాగితం మీద ఒక పూలకుండీ. ఇంక ఆ పెట్టె పాడేదెప్పుడు? ఏమయ్యా, ఎందుకిట్లా కప్పిపెట్టారు అని అడిగితే, "పాడైపోతుంది అవ్వా, శానా కాలం రావాలి గదా" అంటారు. ఎవరి కోసం రావాలి? ఆ పెట్టెను రేపు మీతో పాటు కట్టెల మీద పెడతారా? ఒళ్ళు మండుతుంది నాకు.

ఈమధ్య మా మనవడికి పాత సామాను మీద మోజు పట్టింది. ఎక్కడెక్కడో తిరిగి పాత రికార్డులు, పాత యంత్రాలు ఏరుకొస్తాడు. వాటిని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, గాజుతలుపుల అల్మారాలో పెడతాడు, మళ్ళీ తుడుస్తాడు. వాడు పాట విన్నది నేను చూసింది తక్కువ. మొన్న నా పక్కన కూర్చుని, "అవ్వా, మీ ఇంట్లో బూర గ్రామఫోను ఉండేదంట గదా, అది ఎన్నేండ్లు వచ్చింది?" అని అడిగాడు. అరిగిపోయేదాకా వచ్చింది పోరా అన్నాను. వాడికి గుండె ఆగినంత పనైంది. "అరగ్గొట్టినారా? అంత పాతదాన్నా?" అన్నాడు. అవును, అరగ్గొట్టాం. నేనే అరగ్గొట్టాను. దానికి నేనేమీ సిగ్గుపడడం లేదు. ఎందుకు అరగ్గొట్టానో చెబుతాను, విని ఆ తర్వాత నన్ను తిట్టుకోండి.

యాభైలలో నాకు పెండ్లయ్యి కడప జిల్లాకు వచ్చాను. మా పుట్టిల్లు కర్నూలు జిల్లా పడమటి పక్క. ఎర్రగుంట్లలో రైలు దిగి, ఎద్దులబండి ఎక్కి, ఇసుకలో పెన్న దాటితే మా అత్తగారి ఊరు. రెండు వైపులా మగ్గాలవాళ్ళమే, నూలు చీరలు నేసి బతికేవాళ్ళమే, కాబట్టి పనిలో నాకు కొత్తేమీ లేదు. మాటలోనే వచ్చింది చిక్కంతా. మా పక్క డబ్బును దుడ్లు అంటాం. నేను ఆ మాట అన్నప్పుడల్లా మా అత్త రాట్నం ఆపి పడీ పడీ నవ్వేది. "దుడ్లంట దుడ్లు! మే అమ్మీ, గొడ్లను కొట్టే దుడ్డుకర్రలా ఏమన్నా?" అనేది. నాకు మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత ఆమెను నవ్వించడానికే ఆ మాట అనేదాన్ని. నోరున్న మనిషి మా అత్త. వాకిలి పక్కన రాట్నం వేసుకుని కండెలు చుడుతూ వీధిలో పోయేవాళ్ళను ఒక్కరిని కూడా ఊరికే పోనిచ్చేది కాదు. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి మగ్గం మీద ఏ అంచు దిగుతోందో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు.

ఇక ఆ గ్రామఫోను సంగతి. నేను కాపురానికి వచ్చేసరికి మా మామ లేడు, ఆయన తెచ్చిన పెట్టె ఉంది. ఎప్పుడో ఒక నాటకాల కంపెనీ మా ఊర్లో ఆటలు సాగక చతికిలబడిపోయి సామానంతా వదిలించుకుంటూ ఉంటే, మామ కొన్ని చీరలిచ్చి దీన్ని తీసుకున్నాడట. అంటే మా ఇంటికి వచ్చేటప్పటికే అది ముసలిది. కొయ్యపెట్టె, పక్కన తిప్పే పిడి, మీద ఉమ్మెత్త పువ్వు మాదిరి పెద్ద బూర. రికార్డు ప్లేటు మీద నడిచే ఉక్కు సూదిని మా ఇంట్లో ముల్లు అనేవాళ్ళు. పాటకొక ముల్లు అని మామ పెట్టిపోయిన కట్టుబాటు. ఒక పాట పాడేసరికి ముల్లు మొన అరిగిపోతుంది, అదే ముల్లుతో ఇంకో పాట వేస్తే ప్లేటును గీరేస్తుంది అని.

మామ పోయాక ఆ పెట్టె పెత్తనం మా మరిదికి వచ్చింది. మా ఆయన పెద్దకొడుకే కానీ మెతక మనిషి. గోడమీది పిల్లి. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపు. మరిది చలాకీ మనిషి, చీరల మూట కట్టుకుని ఊర్లు తిరిగి అమ్ముకొచ్చేవాడు, అందువల్ల ఇంట్లో ఆయన మాటకు బరువు. ఆయన ఆ పెట్టె మీద మంచి అంచున్న చీర ముక్క ఒకటి కప్పాడు. నేను కట్టుకున్న చీరకు లేదు అంత అంచు! ఉగాదికి ఒకసారి, దీపావళికి ఒకసారి గుడ్డ తీసేవాడు. రెండు పాటలు వేసి, బూర తుడిచి, మళ్ళీ కప్పేసేవాడు. ఊరందరికీ మా ఇంట్లో పాటపెట్టె ఉందని తెలుసు. అది పాడుతుందని తెలిసినవాళ్ళు కొందరే.

నేను వచ్చిన కొన్నాళ్ళకు మా అత్తకు పెద్ద జ్వరం వచ్చింది. మనిషి దక్కదనుకున్నాం. దక్కింది కానీ జ్వరం పోతూ పోతూ ఆమె చెవుల్ని తీసుకుపోయింది. మొదట్లో గట్టిగా అరిస్తే అందేది. తర్వాత పక్కన నిలబడి అరిచినా ఏదో ఒక మాట అందేది, మిగిలింది అందేది కాదు. అందిన ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె జవాబు చెప్పేది. ఒకరోజు పెండ్లి ఇంట్లో ఎవరో "చిన్న కొడుకు యాడికి పోయినాడత్తా?" అని అడిగితే, కూరేమని అడిగారనుకుని, "పుల్లగూరే, ఎర్రగడ్డ ఏసి ఎనిపినా" అని చెప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె అందరి మొహాలూ చూసింది. ఆ రోజు నుంచి మా అత్త నోరు కట్టేసుకుంది.

అంత నోరున్న మనిషి! రాట్నం అదే, వాకిలి అదే, వీధిలో పోయేవాళ్ళు కూడా వాళ్ళే. ఆమె మాత్రం తల ఎత్తేది కాదు. తప్పు చెబితే నవ్వుతారని అసలు చెప్పడమే మానేసింది. ఇంట్లో వాళ్ళు కూడా ఏం చేశారంటే, ఆమెతో మాట్లాడటం మానేసి చేతులతో సైగలు మొదలుపెట్టారు. అన్నానికి ఒక సైగ, నీళ్ళకు ఒక సైగ. పిల్లిని పిలిచినట్టు పిలిచేవాళ్ళు. నాకు ఎంత కోపమొచ్చేదో చెప్పలేను. నన్ను ఏడిపించినా నవ్వించినా ఆ ఇంట్లో నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. ఆమె అట్లా మూగది అయిపోతూ ఉంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆ ఏడు ఉగాదికి మరిది ఎప్పటిలాగే గుడ్డ తీసి, పిడి తిప్పి, ప్లేటు పెట్టాడు. అత్త ఓళిగల తట్ట పట్టుకుని నడవలోంచి పోతోంది. బూరకు ఎదురుగా వచ్చేసరికి ఆగిపోయింది. తట్ట కింద పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి, మొహం మొహమంతా ఆ బూరలో పెట్టేసింది. మరిది లేచి, "అమ్మా, అమ్మా, బూర సొట్ట పోతాది!" అని భుజం పట్టుకుని లాగాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది. బూరలోంచే అరిచింది.

"మే అమ్మీ! ఆడమనిషి పాడతాండాది మే! నాకు ఇనపడతాంది!"

మళ్ళీ ఆమె గొంతు వినడానికి ఎన్ని నెలలు పట్టిందో. నేను వంటింట్లో ఎక్కడ పని అక్కడ పారేసి పరుగెత్తుకొచ్చాను. ఆమె చెయ్యి నేల మీద తాళం వేస్తోంది. ఒక్క తాళం తప్పలేదు. పాట అయిపోయాక తల బయటికి తీసి, "ఇంగొకటి ఎయ్యండ్రా" అంది. మరిది బూరను గుడ్డతో తుడుస్తూ, "మళ్ళా దీపావళికి" అని సైగ చేశాడు. దీపావళికంట! నేను అక్కడే అనుకున్నాను, నువ్వు ఊరికి పోవయ్యా నీ సంగతి చెబుతాను అని.

ఆయన మూట కట్టుకుని పోయిన మరునాటి నుంచే మొదలుపెట్టాను. పగటి సంగటి తిన్నాక అత్తను బూర ముందు కూర్చోబెట్టి పాట వేసేదాన్ని. మామ చెప్పినట్టే పాటకొక ముల్లు మార్చేదాన్ని. లోపలి గదిలో మా ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ వినేవాడు, ఏమీ అనేవాడు కాదు. అత్త పాట విన్నాక ఒక గంట సేపు మామూలు మనిషి అయ్యేది. ఈ పద్యం ఏ నాటకంలోది, దాన్ని మామ ఎట్లా పాడేవాడు, ఎక్కడ గొంతు జీరపోయేది, అన్నీ చెప్పేది. ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. నేను చెప్పేది ఆమెకు వినపడదు కాబట్టి తల ఊపేదాన్ని. అయినా ఆ గంట చాలనిపించేది.

మరిది ఈసారి ఊరు నుంచి గాల్లో తేలుతూ వచ్చాడు. కోయిలకుంట్లలో ఒక పెద్ద రైతు ఇంటికి చీరలు వేసిపోతాడు ఆయన. ఆ ఇంట్లో బ్యాటరీతో పలికే రేడియో ఉందట. వాళ్ళు ఇప్పుడు అంతకంటే పెద్దది తెచ్చుకున్నారట. మా బూర పెట్టె సంగతి ఈయన చెబితే, ఆ పాతది మాకియ్యి, ఈ రేడియో నువ్వు తీసుకుపో అన్నారట.

"మద్రాసు పలుకుతాది వదినా! బెజవాడ పలుకుతాది! ముల్లు మార్చే పని లేదు, పిడి తిప్పే పని లేదు. దినమంతా పాటలే!"

ఆయన సంతోషం చూస్తే ముచ్చటేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. చిన్న వయసు. ఊర్లు తిరిగి తిరిగి వచ్చేవాడికి ఇంట్లో అట్లాంటిది ఒకటి ఉండాలని ఉండదా? నేను ఒకటే అడిగాను. "మీయమ్మకు ఇనపడతాదా అది?" అన్నాను.

"దానికి బూర యాడుంటాది వదినా, ముందర గుడ్డ ఉంటాది. ఆ గుడ్డలోంచి వస్తాది."

"మరి వాళ్ళు ఈ పాతదాన్ని ఏం జేసుకుంటారు?"

"ఏం జేసుకుంటారు, నడింట్లో అద్దాల బీరువా పక్కన పెట్టుకుంటారు. వచ్చినోళ్ళు చూస్తారు. పాడించేదేం లేదులే. అందుకే బూరకు సొట్ట ఉండగూడదు, ప్లేట్లు గీరుకోని ఉండగూడదు అన్నారు."

చూడటానికంట! పాటపెట్టెను చూస్తారంట! అంతలో ఆయన పెట్టె దగ్గరికి పోయి గుడ్డ ఎత్తాడు. ఒక ప్లేటు వేశాడు. పాట వెనకాల బరబరమని చప్పుడు వినిపించింది. ముళ్ళ డబ్బా తీసి ఊపాడు, అడుగున గలగలమంది. ఆయన మొహం మాడిపోయింది. డబ్బా తీసుకుపోయి ఎక్కడో దాచేశాడు.

మరునాడు ఆయన నూలు కోసం పోగానే అత్త వచ్చి బూర ముందు కూర్చుంది. నేను ఖాళీ చేతులు చూపించాను. అర్థం కాలేదు. చెవి దగ్గరికి పోయి, "ముల్లు లేదత్తా! ముల్లు!" అని అరిచాను. ముల్లు లేదన్నది అందింది, ఏ ముల్లో అందలేదు. ఆమె లేచి పెరటి తడిక దాటి పోయింది. కాసేపటికి కొంగు నిండా తుమ్మముళ్ళు కోసుకుని వచ్చి నా ముందు పోసింది.

"ముండ్లు లేకపోవడమేందే? ఈ సీమలో వానల్లేవు గానీ ముండ్లకేం కరువు!"

నేను నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నాను. ముల్లంటే ముల్లే గదా, ఆమె తప్పేముంది! నవ్వు ఆగాక, చూద్దాంలే అని, బాగా ఎండిన ముల్లు ఒకటి ఏరి, కత్తితో కొన కోసి, సూది దూర్చే చోట దూర్చి బిగించాను. పిడి తిప్పి ప్లేటు మీద ఆనించాను.

పాట వచ్చింది! నిజంగా వచ్చింది. పక్కింట్లో ఎవరో తలుపు మూసుకుని పాడుకుంటున్నట్టు, చిన్నగా, మెత్తగా. ఉక్కు ముల్లుతో వచ్చే కీచుదనం లేదు, బరబర కూడా తగ్గింది. "అత్తా, పాడుతోంది!" అని ఆమె వైపు తిరిగాను. ఆమె బూరలో తల పెట్టుకుని కాచుకుని ఉంది. కాసేపు అట్లాగే ఉండి తల బయటికి తీసింది.

"పిడి తిప్పు మే. ఎంతసేపు?" అంది.

నేను పాట మొదలుపెట్టలేదనుకుంది ఆమె. నేను పిడి మళ్ళీ తిప్పాను, తిప్పినట్టు నటించాను. ప్లేటు తిరుగుతూనే ఉంది. ఆమె మళ్ళీ తల పెట్టింది, మళ్ళీ తీసింది. తిరిగే ప్లేటును చూసింది, నన్ను చూసింది. లేచి రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది. పాటలు కూడా తనకు ముగిసిపోయాయనుకుంది.

ఈ తుమ్మముల్లు సంగతి మరిదికి తెలిసి ఎగిరి గంతేశాడు. ఆయన తెలివైనవాడు, పట్టుకోవలసిన సంగతి వెంటనే పట్టుకున్నాడు. ముల్లు మెత్తన కాబట్టి అరిగేది ముల్లే, ప్లేటు అరగదు. "ఇట్లయితే నూరేండ్లు వస్తాది గదప్పా ప్లేటు!" అని వీధంతా చెప్పుకొచ్చాడు. సాయంత్రం పొద్దుండగానే నడవ నిండా జనం. మగ్గాలు ఆపి మరీ వచ్చారు తుమ్మముల్లు పాడే వింత చూడటానికి. ఆయన ఒక్కొక్క ముల్లు కోసి బిగించడం, వేయడం, అందరూ చెవి ఒగ్గి వినడం, ఔరా అనడం. అత్త గోడ పక్కన కూర్చుని వాళ్ళను చూస్తోంది.

"ఇంగ దినమంతా ఏసుకో వదినా, ఎవరొద్దన్నారు?" అన్నాడు మరిది నాతో పెద్ద మనసుతో. "నూరేండ్లయినా అరగదు."

"నూరేండ్లుండి ఏం జేస్తాదప్పా అది?" అన్నాను. "మీయమ్మకు ఈ ముల్లుతో ఒక్క ముక్క ఇనపడదు. ఆ ఉక్కు ముండ్ల డబ్బా యాడ పెట్టినావో తియ్యి."

అంత జనం ముందు వదిన అట్లా అనేసరికి ఆయన నవ్వులో తేల్చేద్దామనుకున్నాడు. "ఎందుకులే వదినా, చెవిటోళ్ళ ముందర శంకం ఊదినట్లు!" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. సామెత అట్లాంటిది, ఎక్కడ పడినా నవ్వొస్తుంది. అందరూ నవ్వుతున్నారని చూసి మా అత్త కూడా నవ్వింది. ఏం మాటకు నవ్వుతున్నారో తెలియదు పాపం, తనొక్కతే నవ్వకుండా ఉంటే బాగుండదని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ముందూ వెనకా కనపడలేదు.

"శంకమే ఊదుతాను, సూడప్పా!" అన్నాను.

పోయి బూరను రెండు చేతులా పట్టుకుని, మెలితిప్పి, పెట్టె మీద నుంచి ఊడబెరికాను. ఆడదానికి ఇంత తెగువేంది అని వెనక ఎవరో అన్నారు. అననీ. రాట్నం పక్కనున్న నూలు తీసుకుని, బూర సన్నటి కొనకు గుచ్చుకోకుండా మందంగా చుట్టాను. అత్త పక్కన కూర్చుని ఆ కొనను ఆమె చెవిలో ఆనించాను. వెడల్పు పక్కకు నా నోరు తెచ్చాను. ఏం చెప్పాలి? ఒక్క మాట అందితే చాలు, అందకపోతే ఈ జనం ముందు నా పరువు గంగలో కలుస్తుంది. నోటికి ఏదొస్తే అదే అన్నాను.

"అత్తా, దుడ్లుండాయా?"

ఆమె ఉలిక్కిపడింది. బూర వైపు చూసింది, నా వైపు చూసింది. మొహమంతా విచ్చుకుంది.

"దుడ్డుకర్ర ఉండాది, కావాల్నా మే?" అంది.

నేను ఏడుస్తూ నవ్వాను. జనం ఇప్పుడు నవ్వలేదు. ఒక ముసలామె ముందుకొచ్చి, "ఏదీ, నన్ను మాట్లాడనీ" అని బూర ముందు కూర్చుంది. ఆమె తర్వాత ఇంకొకరు. పొద్దు గుంకేదాకా మా అత్త ఊరి కబుర్లన్నీ తాగినట్టు తాగింది. నెలల తరబడి తనకు తెలియకుండా జరిగిన పెండ్లిళ్ళు, చావులు, కొట్లాటలు, అన్నీ ఆ ఒక్క పూటలో చెవికెక్కాయి. "అయ్యో, ఎప్పుడు?" "ఓరి వాని కడుపు కాలా!" "నాకు చెప్పలేదే ఒక్కరూ!" అని ఆమె అంటూ ఉంటే నడవంతా దద్దరిల్లింది.

అప్పటి నుంచి బూర మా అత్తదే. రాట్నం పక్కన ఒక గంప బోర్లించి, దాని మీద బూర ఆనించుకుని, వాకిట్లో కూర్చునేది. వీధిలో పోయేవాళ్ళు ఒక్క నిమిషం వంగి అందులో ఏదో ఒకటి చెప్పి పోయేవాళ్ళు. పగటి సంగటి తిన్నాక బూర మళ్ళీ పెట్టె మీదికెక్కేది, పాట వేసేదాన్ని. ముళ్ళెక్కడివంటారా? ఒకరోజు పొద్దున మా ఆయన మగ్గంలోకి దిగేముందు ఆ డబ్బాను పొయ్యిగట్టు మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయి కూర్చున్నాడు. గోడమీది పిల్లి ఈసారి మా వైపు దూకింది. మిగిలిన కాసిని ఉక్కు ముళ్ళనే మళ్ళీ మళ్ళీ వేశాను, రోజూ వేశాను. ప్లేట్లు గీరుకుపోతున్నాయని నాకు తెలుసు, బరబర పెరుగుతోందని తెలుసు. అత్త చెయ్యి నేల మీద తాళం వేస్తోంది. నేనెందుకు ఆపుతాను?

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఊర్లో అందరూ ఆ బూరలో మాట్లాడారు, మా మరిది తప్ప. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు, సరే, నాకేం పోయింది. అమ్మతో కూడా మానేశాడు. చేతి సైగ కూడా లేదు. ఊరు నుంచి వస్తే మూట దించి, తిని, అరుగు మీద పడుకునేవాడు. తన సామెతకు తానే సిగ్గుపడుతున్నాడో, రేడియో పోతుందని ఉడుక్కుంటున్నాడో నాకు తెలియదు. అత్త మాత్రం ఆయన పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బూరను వీధి వైపు నుంచి ఆయన వైపుకు తిప్పేది. ఆయన చూడనట్టు పోయేవాడు. ఆమె దాన్ని మళ్ళీ వీధి వైపుకు తిప్పుకునేది. ఆ ముసలి చేతులు చూస్తే నాకు మరిదిని నాలుగు తగిలించాలనిపించేది.

ఒకరోజు పగటిపూట, సంగటి కెలికి దించేవేళకు, వాకిట్లో జట్కా ఆగింది. కోయిలకుంట్ల ఇంటి మనిషి, వాళ్ళ పనులు చూసే పెద్దాయన, దుప్పటిలో చుట్టిన రేడియోను దించి అరుగు మీద పెట్టాడు. మరిది వెంటే దిగాడు. ఇద్దరూ కలిసే వచ్చారు. పెద్దాయన లోపలికి తొంగిచూసి, పీట మీద పెట్టెను చూసి, "బూర యాడప్పా? బూర కోసమే గదా మా వాళ్ళు మురిసిపోతాండేది?" అన్నాడు.

బూర మా అత్త ఒళ్ళో ఉంది.

నేను గరిటె పట్టుకుని గడపలోకి వచ్చాను. కొట్లాటకు సిద్ధమయ్యే వచ్చాను. మరిది నా వైపు చూడకుండా అమ్మ ముందుకు పోయి చెయ్యి చాపి, ఇయ్యి అని సైగ చేశాడు. అత్త అరుగు మీద రేడియోను చూసింది, కొత్త మనిషిని చూసింది, కొడుకు చేతిని చూసింది. చెప్పకుండానే అంతా అర్థమైంది ఆమెకు.

"ఇస్తాలే నాయనా," అంది. "మీ నాయన తెచ్చింది, నీది గాక ఎవరిది? అడిగేదేదో నోటితో అడుగు. ఇందులోకి చెప్పు. నీ గొంతు ఇని శానా దినాలాయ."

సన్నటి కొన చెవిలో పెట్టుకుని, బూరను ఆయన వైపుకు తిప్పింది. ఏదో ఒకటి అనాలని నా నాలుక పీకుతోంది. ఎట్లా ఆపుకున్నానో దేవుడికే తెలియాలి.

ఆయన నిలబడ్డాడు. పెద్దాయన చూస్తున్నాడు, జట్కావాడు చూస్తున్నాడు. ఆఖరుకు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూరలో నోరు పెట్టాడు. తెరిచాడు, మూశాడు.

"అమ్మా," అన్నాడు.

"ఆ. ఇనపడింది. చెప్పు."

ఆ ఇయ్యి అనే మాట ఎంతదని! రెండక్షరాలు. చేతితో ఎంత సులభంగా చెప్పాడో. నోటితో రాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బూరను రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మా, సంగటి తిన్న్యావా?"

"యాడ తిన్న్యా? నువ్వు పోయిన దినాన ముద్ద దిగుతాదా నాకు? వస్తావు, ఒక్క మాటన్నా అంటావని కూచ్చోనుండా."

ఆయన తల బూరలోంచి బయటికి రాలేదు. భుజాలు కదులుతున్నాయి. లోపల ఏమేమి చెప్పాడో నాకు వినపడలేదు, నాకు చెప్పలేదు కూడా. అత్త మాత్రం ఊ, ఊ అంటూ, ఖాళీగా ఉన్న చేత్తో ఆయన జుట్టు నిమురుతోంది.

కోయిలకుంట్ల పెద్దాయనకు నిలబడి నిలబడి కాళ్ళు పీకినట్టున్నాయి. నా వైపు తిరిగి, "ఏమ్మా, ఇంతకూ బూర ఇస్తారా, ఇయ్యరా?" అని అడిగాడు.

"చెవి కోసి ఇస్తారా అప్పా ఎవరన్నా?" అన్నాను. "రా, కాళ్ళు కడుక్కో. ఉడుకుడుకు సంగటి ఉండాది, తిని పోదువు."

ఆయన తిన్నాడు. చెయ్యి కడుక్కుని, రేడియోను మళ్ళీ దుప్పట్లో చుట్టి జట్కాలో పెట్టుకుని పోయాడు.